గోడల తోటలో ఆరుచుక్కల పురుగు

ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. గంజి కొట్టం ముందు జనం బారులు తీరి కూర్చున్నారు. లోపల పొయ్యి మాత్రం ఇంకా వెలిగించలేదు.

ఆత్మకూరు నుంచి గింజల బండ్లు రావాలి. అవి వస్తేనే ఉదయగిరిలో గంజి. తెల్లవారేసరికి వస్తాయన్న బండ్లు మధ్యాహ్నమైనా రాలేదు.

ఇది ఇప్పటి సంగతి కాదు, దాదాపు నూట యాభై ఏళ్ల కిందటిది. ధాత అనే పేరున్న సంవత్సరంలో మొదలైంది కాబట్టి దాన్ని ధాత కరువు అంటారు. ఆ ఏడు పోయి మరో ఏడు వచ్చింది, వాన మాత్రం రాలేదు. కూర బాగాలేదని మీరు పళ్లెం పక్కకు తోసినప్పుడల్లా నాకు ఈ కరువు సంగతి చెప్పాలనిపిస్తుంది. చెప్పను. చెప్పినా మీరు వినరు.

వరసలో పెంచలమ్మ అనే పదేళ్ల పిల్ల కూర్చుని ఉంది. ఒళ్లో తమ్ముడు మాల్యాద్రి. వాడికి అయిదేళ్లు. వాడు ఆకలి అని కూడా అనడం లేదు. సన్నగా, ఆపకుండా ఏడుస్తున్నాడు.

"ఆ పిల్లోడి ఏడుపు మాన్పించవే. వినలేక చస్తా ఉండాం," అంది వెనక కూర్చున్న ఒకామె.

పెంచలమ్మ వాణ్ణి ఊపింది. వీపు నిమిరింది. కథ చెప్పబోయింది. ఏడుపు ఆగలేదు. అప్పుడు పక్కనున్న కొబ్బరి చిప్ప దగ్గరికి లాక్కుంది. దాంట్లో ఒక పురుగు ఉంది.

చిటికెన వేలంత పొడవుంటుంది. నల్లగా, మెత్తటి బట్ట కప్పినట్టు ఉంటుంది. వీపు మీద ఆరు తెల్లని చుక్కలు. పొద్దునే ఊళ్లోని నవాబు తోటలో రాయి కింద దొరికింది. కాలికి దారం కట్టి తెచ్చుకుంది. ఆ ఊరి పిల్లలందరికీ అదే ఆట. దారం పట్టుకుని ఎవరి పురుగు ముందు పరిగెడుతుందో పందెం వేసేవాళ్లు.

"వాడి చేతికి ఇయ్యబాకే," అన్నాడు పక్కనున్న గురుస్వామి. వాడు వాళ్ల వీధి పిల్లవాడే. "గట్టిగా పట్టుకుంటే వెనక నుంచి మంటనీళ్లు చిమ్ముతాది."

"నాకు తెల్దా ఏంది? చూసుకుంటాలే," అంది పెంచలమ్మ.

పురుగును తీసి తమ్ముడి అరచేతిలో పెట్టింది. ఏడుపు టక్కున ఆగింది. వాడు దాన్ని చూసి నవ్వాడు కూడా. చాలా రోజుల తర్వాత నవ్వాడు. పెంచలమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

అంతలో "బండ్లు వచ్చినాయి" అని ఎవరో అన్నారు. అందరితోపాటు పెంచలమ్మ కూడా లేచి రోడ్డు వైపు చూసింది. పురుగు జారిపోతుందేమోనని మాల్యాద్రి గుప్పిట బిగించాడు. గుప్పిట కళ్ల దగ్గర పెట్టుకుని సందులోంచి లోపలికి చూశాడు.

వాడు వేసిన కేకకు గంజి కొట్టంలోంచి వంటవాళ్లు బయటికి వచ్చారు.

ఎడమ కన్ను ఎర్రగా వాచింది. కడుగుదామంటే బావి చాలా దూరం. వరస వదిలితే ఆ పూటకు గంజి లేనట్టే. పెంచలమ్మ చిరిగిన పావడ అంచుతో వాడి కన్ను తుడుస్తూ అక్కడే కూర్చుంది. గంజి పోయించుకుని బావి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది.

ఇంటికి రాగానే అవ్వ దేవకమ్మ పిల్లవాడి ముఖం చూసి గుండె బాదుకుంది.

"ఏందే ఇది? ఏమైందే బిడ్డకి?"

పెంచలమ్మ నోరు తెరిచింది. తమ్ముడు కూడా ఆ పిల్ల వైపే చూస్తున్నాడు, ఒక కంటితో.

"పురుగవ్వా. ఆరుచుక్కలది. అదే పాక్కుంటా వచ్చి వాడి మీదికెక్కి చిమ్మింది."

ఒక్క అబద్ధం. అంతే. అవ్వ నమ్మింది. నాయన వెంగయ్య కూడా నమ్మాడు. అవ్వ కంట్లో ఆముదం చుక్క వేసి, పురుగు జాతినంతా తిట్టిపోసింది. మాల్యాద్రి మాట్లాడలేదు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

కొన్నాళ్లకు వాపు తగ్గింది కానీ కంట్లో పువ్వేసింది. నల్లగుడ్డు మీద తెల్లటి పొర. ఆ కంటితో వాడికి వెలుతురు తప్ప ఏమీ కనిపించేది కాదు.

రోజూ పొద్దున లేవగానే పెంచలమ్మకు ఆ తెల్లటి పొర కనిపించేది. తన మీద తనకే కోపం వచ్చేది. అలా అయినప్పుడు మనుషులు ఏం చేస్తారో తెలుసా? తమ మీద వచ్చిన కోపాన్ని మరొకరి మీద పెడతారు. పెద్దవాళ్లూ అంతే, పిల్లలూ అంతే. పెంచలమ్మకు దొరికింది పురుగులు.

నవాబు తోట ఊరి మధ్యలో ఉండేది. ఎప్పుడో ఒక నవాబు వేయించిన తోట. చుట్టూ రాతిగోడ. గోడ అక్కడక్కడా కూలిపోయినా, లోపల చెట్లు గుబురుగా అడవిలా పెరిగిపోయాయి. కరువులో కొండ కింది చెట్లన్నీ జనం ఆకులకోసం దూసేశారు, కట్టెలకోసం నరికేశారు. ఈ తోట మాత్రం మిగిలింది. సర్కారు కచేరీ వాళ్లు అక్కడ ఒక బంట్రోతును కాపలా పెట్టారు. కొమ్మ మీద చెయ్యి వేస్తే చాలు, కర్ర తీసుకుని వచ్చేవాడు. పురుగుల జోలికి ఎవరు పోయినా అతనికి పట్టేది కాదు.

పెంచలమ్మ రోజూ గోడసందులోంచి దూరేది. రాళ్లు తిప్పేది. రాలిన ఆకులు కర్రతో కెలికేది. పుచ్చిపోయిన మొద్దులు దొర్లించేది. ఆరుచుక్కలు కనబడితే చాలు, రాయి పడేది.

"మా తమ్ముడి కన్ను పోగొడతావా? పోగొడతావా?" అని పళ్లు కొరుకుతూ అనేది.

ఆ పిల్ల రాయి వేస్తున్నది నిజంగా ఎవరి మీదో ఆ పిల్లకు తెలుసు. తెలిసే ఇంకాస్త గట్టిగా వేసేది.

తోట పెద్దదేమీ కాదు. మూడు వైపులా వీధులు, నాలుగో వైపు పెంచలమ్మ వాళ్ల చేను, దాని చుట్టూ మళ్లీ ఇళ్లు. ఎండలు ముదిరేసరికి ఎన్ని రాళ్లు తిప్పినా ఒక్క పురుగు కూడా కనబడలేదు. పెంచలమ్మ చేతులు దులుపుకుంది. మనసు మాత్రం తేలికపడలేదు.

చివరికి వాన పడింది.

జనం బయటికి వచ్చి తడుస్తూ నిలబడ్డారు. కొందరు ఏడ్చారు. వాన చూడకుండానే పోయినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. పెంచలమ్మ వాళ్ల అమ్మ కూడా అంతకు ముందు ఏడే పోయింది. అప్పటికి ఇంకా గంజి కొట్టం పెట్టలేదు.

వెంగయ్య ఇంట్లోకి వెళ్లి దూలానికి కట్టిన సొరబుర్ర దించాడు. బూడిద కలిపి దాచిన జొన్న విత్తనాలు అందులో ఉన్నాయి. రెండేళ్లు వాళ్లు ఆకులు ఉడకబెట్టుకుని తిన్నారు. చింతగింజలు నానబెట్టి తిన్నారు. ఆ బుర్ర మాత్రం ముట్టుకోలేదు. ఒకసారి పెంచలమ్మ దాని వైపు చూస్తుంటే నాయన, "దాని మీద చెయ్యేస్తే చెయ్యి విరుస్తా," అన్నాడు. ఆయన అంతకు ముందు ఎప్పుడూ అలా అన్నవాడు కాదు.

తోట గోడ పక్కనే ఉన్న చేనులో విత్తాడు. బుర్ర బోర్లించి తట్టాడు. ఒక్క గింజ కూడా వెనక ఉంచుకోలేదు.

మొలకలు వచ్చాయి. పచ్చగా, బారుగా, చేనంతా వచ్చాయి. దేవకమ్మ రోజూ వచ్చి గట్టు మీద కూర్చుని వాటిని చూసేది. "కళ్లకు చల్లగా ఉండాదిరా," అనేది కొడుకుతో.

ఒక పొద్దున వెళ్లి చూస్తే గోడ దగ్గరి సాళ్లలో మొలకలు మొదలంటా తెగి పడి ఉన్నాయి. మన్ను కదిపితే లద్దెపురుగులు. లావుగా, చుట్టచుట్టుకుని, మట్టిరంగులో ఉన్నాయి.

"ఏటా వచ్చేదేలే. ఒక సాలు పోతే పోతాది," అన్నాడు వెంగయ్య.

ఒక సాలుతో ఆగలేదు. ఇంటిల్లిపాదీ పొద్దున్నే వంగి ఏరారు. చేటలకు చేటలు ఏరి తొక్కారు. మర్నాటికి మళ్లీ అన్ని వచ్చేవి. వెంగయ్య గట్టు మీద నిలబడి, "ఇంతగా ఎప్పుడూ లేదే. ఏమొచ్చిందీ చేనుకి?" అన్నాడు. ఆయనకు అర్థం కాలేదు. పెంచలమ్మకు కూడా అప్పటికి అర్థం కాలేదు.

అవ్వ ఆ పిల్లను కూరాకు కోసుకురమ్మని కొండ కిందికి పంపింది. ఊరు దాటి, ఆత్మకూరు వెళ్లే బండ్లబాట దాటితే కామయ్య చేను వస్తుంది. కామయ్య కూడా వాళ్లలాగే వాన పడగానే విత్తినవాడు. అతని చేను చూసి పెంచలమ్మ ఆగిపోయింది. మొలకలు మోకాలి ఎత్తు వచ్చాయి. ఎక్కడా ఖాళీ లేదు.

"పెదనాయనా, మీ చేనుకి లద్దెపురుగు రాలేదా?"

"రాకేం, వచ్చినాది. అదిగో చూడు, వాటి పని పట్టేవోళ్లు ఉండారు," అన్నాడు కామయ్య. గట్టున ఉన్న రాళ్లవైపు చూపించి తన పనిలో పడ్డాడు.

పెంచలమ్మ వంగి చూసింది. ఆరు తెల్లని చుక్కలు. నల్లటి పురుగు లద్దెపురుగు మెడ పట్టుకుని ఈడ్చుకుపోతోంది. అది మెలికలు తిరుగుతున్నా వదలడం లేదు. కాస్త అవతల ఇంకొకటి. రాతి కింద ఇంకో రెండు.

కూరాకు బుట్ట చేతిలోంచి జారింది.

పుల్లతో ఒకదాన్ని కదిపింది. అది గబగబా పరిగెత్తింది కానీ ఎగరలేదు. మరోదాన్ని కదిపింది. అదీ అంతే. వాటికి ఎగరడం రాదు. ఎక్కడికైనా నడిచే పోవాలి. తిరిగి వస్తూ బండ్లబాట దగ్గర చూసింది. చక్రాల గాడిలో ఒక ఆరుచుక్కల పురుగు నలిగి మట్టికి అతుక్కుపోయి ఉంది. ఇక్కడి నుంచి నవాబు తోట దాకా బండ్లబాట ఉంది, బజారు ఉంది, వీధులున్నాయి. ఈ పురుగుల్లో ఏ ఒక్కటీ అంతదూరం బతికి చేరలేదు. తోటలో ఉన్నవి తోటవే. వాటిని తానే చంపేసింది.

పెంచలమ్మ గబగబా నడిచింది. ఎవరికీ చెప్పకూడదనుకుంది. ఇంటిదాకా అదే అనుకుంటూ వచ్చింది.

వెంగయ్య చేనుగట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చేను మళ్లీ ఎర్రమన్నయింది. అవతలి అంచున మాత్రం ఒక పట్టీలా పచ్చగా మిగిలింది. దేవకమ్మ పక్కన నిలబడి, "లేరా, నాయనా. లేచి ఇంటికి రా," అంటోంది.

"నీ కోడలు అడిగినాదమ్మా," అన్నాడు వెంగయ్య. కళ్లు తుడుచుకున్నాడు. "పోయే ముందు అడిగినాది. ఆ బుర్రలో గింజలు ఒక్క పిడికెడు కాచి పొయ్యమనింది. విత్తనం తింటే బిడ్డలకు రేపు ఏముంటాదని నేను పొయ్యలా. గుండె రాయి చేసుకుని పొయ్యలా. ఎవరికి దాచినానమ్మా? పురుగులకు దాచినానా?"

నాయన ఏడవడం పెంచలమ్మ ఎప్పుడూ చూడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఏడవలేదు.

"నీ తప్పు కాదు, నాయనా," అంది పెంచలమ్మ.

ఇద్దరూ తలెత్తి చూశారు.

"లద్దెపురుగుల్ని ఆరుచుక్కలవి తింటాయి. కామయ్య పెదనాయన చేనులో చూసినా. మన తోటలోయి కూడా తినేటియ్యేమో. నేను అన్నింటినీ చంపేసినా. రాళ్లతో కొట్టి ఒక్కటి లేకుండా చంపేసినా."

వెంగయ్య లేచాడు. చెయ్యెత్తాడు. పెంచలమ్మ కళ్లు మూసుకుంది, కదల్లేదు. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన చెయ్యి దించేసి మిగిలిన పచ్చపట్టీ వైపు చూస్తున్నాడు.

"కామయ్య చేనులో ఇంకా ఉండాయా?" అన్నాడు.

"ఉండాయి."

"అయితే ముంత తీసుకుని రా."

ఆ పంట ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను. కథల్లోలాగా చేనంతా మళ్లీ పచ్చగా కాలేదు. పోయింది పోయిందే. ఆ అంచున మిగిలిన పట్టీ మాత్రం నిలిచింది. కొంత వాళ్లు ఏరడం వల్ల, కొంత ఆరుచుక్కల పురుగుల వల్ల. పండింది ఒక చేటెడు. దాంట్లో తినడానికి ఏమీ తీయలేదు, అంతా మళ్లీ విత్తనానికే. వాళ్లు ఇంకో ఏడాది గంజి వరసలో కూర్చున్నారు. మీకు ఇది నచ్చకపోవచ్చు. నాకూ నచ్చలేదు. కానీ జరిగింది అదే, ఏం చేస్తాం? ఆ సాయంత్రం తోట దగ్గర ఇంకో సంగతి జరిగింది. అది చెబితే నా పని అయిపోతుంది.

పెంచలమ్మ, వెంగయ్య కామయ్య చేను గట్టున పురుగుల్ని పట్టుకున్నారు. పట్టుకోవడం పెంచలమ్మకే బాగా వచ్చు. ముఖం పక్కకు తిప్పుకుని, ఆకుతో మెల్లగా ముంతలోకి తోలింది. అయినా రెండుసార్లు వేళ్ల మీద చిమ్మాయి. నిప్పు అంటుకున్నట్టు మండింది. నాయన వేళ్లు చూసి, "మండతా ఉండాదా?" అని అడిగాడు. లేదంది. ముంత మూతికి గుడ్డ కట్టి బజారు మీదుగా నడుచుకుంటూ వచ్చారు.

గురుస్వామి ఎదురొచ్చాడు. "ఏందే అందులో? పురుగులా? నాకు ఒకటియ్యవే, పందేనికి."

"ఇయ్యను. ఇవి ఆటకి కాదు," అంది పెంచలమ్మ, ఆగకుండా.

తోట గోడ దగ్గరికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. మాల్యాద్రి అవ్వ చెయ్యి విడిపించుకుని పరిగెత్తుకొచ్చాడు. ముంతలో గరగరమని చప్పుడు విని అక్కడే నిలిచిపోయాడు. రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. పాడైపోయిన కంటికి కూడా.

పెంచలమ్మ ముంత కింద పెట్టింది. తమ్ముడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. నాయన వెనకే ఉన్నాడు. అవ్వ గట్టు మీద ఉంది. వాళ్లు వింటారని ఆ పిల్లకు తెలుసు.

"మాల్యా, ఆ పొద్దు పురుగు దానంతట అది నీ మీదికి రాలేదు. నేనే నీ చేతిలో పెట్టినా. గురుస్వామి వద్దన్నా వినలా. నీ కన్ను నేను పోగొట్టినా."

"తెలుసు," అన్నాడు మాల్యాద్రి, చేతులు తీయకుండానే.

"మరి ఎవురికీ ఎందుకు చెప్పలేదురా?"

"అవ్వ నిన్ను కొడతాదని."

వెనక నాయన అటు తిరిగి నిలబడ్డాడు. దేవకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

పెంచలమ్మ తమ్ముణ్ణి తన వీపు వెనక్కి జరుపుకుంది. "నా వెనకాలే ఉండు. ఇటు రాబాకు," అంది. వాడు ఆ పిల్ల భుజాలు పట్టుకుని వీపుకు ముఖం ఆనించాడు.

పెంచలమ్మ ముంతకు, వాడికి మధ్య అడ్డంగా కూర్చుని, గుడ్డ ముడి విప్పింది. ముంతను గోడసందు వైపు మెల్లగా వంచింది. పురుగులు ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చి, రాలిన ఆకుల కిందికి వెళ్లిపోయాయి.